ఎండాకాలంలో కరెంటు తీగలు, రైలు పట్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా రెంటచింతలలోనైనా రామగుండంలోనైనా ఎండకు తప్పించుకోలేనివి రెండున్నాయి: నెత్తిమీది కరెంటు తీగ, నేలమీది రైలు పట్టా. వాటిని నీడకు చేర్చలేం, మధ్యాహ్నం పూట సెలవూ ఇవ్వలేం. ఈ రెండింటి గురించి జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఎండకు కరెంటు తీగలు నిజంగానే కిందికి జారతాయా, లేక చూసేవాళ్ల భ్రమా?

నిజంగానే జారతాయి. పెద్ద లైన్లలో వాడేది ఎక్కువగా అల్యూమినియం తీగ, మధ్యలో ఉక్కు పోగులు ఉంటాయి. వేడెక్కితే ఏ లోహమైనా సాగుతుంది. సాగేది కొంచెమే అయినా కిందికి దిగేది చాలా ఉంటుంది. రెండు టవర్ల మధ్య దూరం 350 మీటర్లు, మధ్యలో తీగ 8 మీటర్లు వేలాడుతోంది అనుకోండి. తీగ వేడి 30 డిగ్రీలు పెరిగితే దాని పొడవు పెరిగేది సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే తక్కువ. ఆ 20 సెంటీమీటర్లకే తీగ మధ్యలో మీటరు పైన కిందికి దిగిపోతుంది. పొద్దున తలెత్తి చూసిన లైనూ, మధ్యాహ్నం మూడింటికి చూసిన లైనూ ఒకే ఎత్తులో ఉండవన్న మాట.

తీగ వేడికి ఎండ ఒక్కటే కారణం కాదు. అందులో పారే కరెంటు కూడా దాన్ని కాలుస్తుంది. చల్లార్చేది గాలి. కాబట్టి లైన్లకు అన్నిటికన్నా గడ్డు సమయం ఏమిటంటే ఎండ మండుతూ, ఆకు కదలకుండా, ఊరంతా ఏసీలు వేసుకున్న మధ్యాహ్నం. తీగ ఎక్కువ మోయాల్సిన గంటా, తక్కువ మాత్రమే మోయగలిగే గంటా ఒకటే అవుతాయి. వేసవి కష్టమంతా ఇక్కడే ఉంది.

అలా దిగుతుందని ముందే తెలుసు కదా, ఇంజినీర్లు దానికి తగ్గట్టు కట్టరా?

కడతారు. తీగ గరిష్ఠ వేడి దగ్గర ఎంత దిగుతుందో లెక్క వేసి, అప్పటికీ నేలకు ఇంత ఎత్తు మిగలాలని నిబంధన ఉంది. 132 కేవీ (ఒక కేవీ అంటే వెయ్యి వోల్టులు) లైనుకు 6.1 మీటర్లు, 220 కేవీకి సుమారు 7 మీటర్లు, 400 కేవీకి 8.84 మీటర్లు. వీధికి అడ్డంగా పోయే 11 కేవీ తీగ 6.1 మీటర్ల ఎత్తులో, ఇళ్లకు కరెంటిచ్చే మామూలు లైను 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి.

అంటే ఎండ కోసం కొంత ఖాళీ ముందే వదిలిపెడతారు. పట్టాల కింద కంకర, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యంలో మిగులు, ఇవన్నీ ఆ ఖాళీ కిందికే వస్తాయి. నా ఉద్దేశంలో వేసవి ప్రమాదాల్లో చాలావాటికి మూలం, ఎండ కన్నా ముందే ఎవరో ఆ ఖాళీని తినేయడం. లైను కింద రోడ్డు మీద మళ్లీ మళ్లీ పొరలు వేసి రెండడుగులు లేపుతారు. 11 కేవీ తీగ పక్కన రెండో అంతస్తు లేస్తుంది. స్తంభం ఒక పక్కకు ఒరిగినా ఏళ్ల తరబడి ఎవరూ నిలబెట్టరు. జనవరిలో ఏమీ కాదు. మే నెలలో తీగ దిగినప్పుడు గానీ లెక్క తేలదు.

మా డాబా పక్కనుంచే 11 కేవీ లైను పోతోంది. ఎంత దూరం ఉండాలి?

పక్కకు కనీసం 1.2 మీటర్లు, పైనుంచి పోతుంటే భవనంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి 3.7 మీటర్లు. ఈ దూరాలు గాలికి తీగ బాగా ఊగినప్పుడూ, వేడికి బాగా దిగినప్పుడూ కూడా మిగలాల్సినవి. టేపు పట్టుకుని పైకెక్కి కొలవకండి. కంటికి అనుమానంగా ఉంటే కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి. ఈలోగా డాబా మీద ఆ వైపు ఇనుప నిచ్చెన, పొడుగాటి పైపు, కొక్కెం కర్ర లాంటివి ఎత్తొద్దు. మామిడికాయల రోజుల్లో ఇనుప గడకర్రతో కొయ్యబోయి తీగ తగిలించుకున్న వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

ఎండ తగ్గాక రాత్రి పదింటికి ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు పోతుంది?

ఈ ప్రశ్న అడగని కాలనీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలో నూనె ఉంటుంది, నూనెలో మునిగి రాగి లేదా అల్యూమినియం చుట్టలు, వాటికి కాగితపు తొడుగు. పగలంతా ఎండలో కాగిన నూనె చల్లారడానికి రాత్రి కావాలి. మామూలు రోజుల్లో రాత్రి లోడు తగ్గుతుంది, గాలి చల్లబడుతుంది, డబ్బా ఊపిరి తీసుకుంటుంది. మే నెల ఉక్కపోతలో ఆ రెండూ జరగవు. భోజనాలయ్యాక ప్రతి ఇంట్లో ఒకేసారి ఏసీలు ఆన్ అవుతాయి. పగటి వేడి దిగకముందే రాత్రి లోడు ఎక్కి కూర్చుంటుంది.

కాగితపు తొడుగు సంగతి చెప్పాలి. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఒక లెక్క ఉంది. చుట్టలో అతి వేడి చోట 98 డిగ్రీలు ఉంటే మామూలు ఆయుష్షు. ఆ పైన ప్రతి 6 డిగ్రీలకు కాగితం రెండింతల వేగంతో పాడవుతుంది. 110 డిగ్రీల దగ్గర ఒక రాత్రి గడిస్తే నాలుగు రాత్రుల వయసు మీదపడినట్టే. పోయిన ఏడాది తట్టుకున్న ట్రాన్స్‌ఫార్మర్ ఈ ఏడాది అదే లోడుకు పోవడంలో వింతేమీ లేదు. పోయిన ఏడాదే దాని ఆయుష్షు సగం ఖర్చయిపోయి ఉండొచ్చు.

ఫ్యూజు కొట్టేస్తే లైన్‌మన్ వచ్చి వేసిన పావుగంటకే మళ్లీ ఎందుకు పోతుంది? మందమైన తీగ వెయ్యొచ్చు కదా?

దయచేసి ఆ మాట లైన్‌మన్‌తో అనకండి. ఫ్యూజు కాలిపోవడానికే ఉంది. అది కాలకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. పావుగంటకే పోవడానికి కారణం, కరెంటు పోయినప్పుడు ఎవరూ స్విచ్చులు ఆపకపోవడం. సరఫరా రాగానే అన్ని ఏసీలూ, ఫ్రిజ్‌లూ, మోటార్లూ కలిసి ఒక్కసారి లాగుతాయి. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు ఆగి, ఏసీలు ఒక్కొక్కటిగా వేసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో డిస్కంను (కరెంటు పంపిణీ సంస్థను) తిట్టే మెసేజ్‌తో పాటు ఈ మెసేజ్ కూడా పెడితే బాగుంటుంది.

కొత్త ఏసీ కొన్నాం. లోడు పెంచమని అడగాలా? బిల్లు పెరుగుతుందేమో.

అడగాలి. 100 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకే లోడూ లేకపోయినా ఒకటిన్నర టన్ను ఏసీలు సుమారు 60 నడుస్తాయి, అంతే. ఆ మీద ఫ్రిజ్‌లు, గీజర్లు, బోరు మోటార్లు, లిఫ్టు ఎటూ ఉంటాయి. కాగితాల మీద ఒక్కో ఇంటికి ఒకటి రెండు కిలోవాట్లే ఉండి, లోపల రెండేసి ఏసీలు తిరుగుతుంటే, ఆ వీధికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఆఫీసులో ఎవరికీ తెలియదు. బయట వేడి పెరిగే కొద్దీ అదే ఏసీ ఎక్కువ కరెంటు తాగుతుందన్నది ఇంకో చిక్కు. లో వోల్టేజీ ఉంటే మరీను.

చల్లగాలి మొదలైందో లేదో కరెంటు తీసేస్తారు. కావాలనే చేస్తారా?

ఒక్కోసారి కావాలనే. మే నెలలో సాయంత్రం మబ్బు పట్టి ఈదురుగాలి లేస్తుంది. పగలంతా వేడికి వదులైన తీగలు ఆ గాలికి ఊగి ఒకదానికొకటి తగులుతాయి, నిప్పురవ్వలు రాలతాయి. తాటిమట్టో కొబ్బరిమట్టో విరిగి లైను మీద పడుతుంది. కోనసీమలో ఈ బెడద మరీ ఎక్కువ. చాలాసార్లు ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) దానంతటదే ట్రిప్ అవుతుంది, అంటే ఆగిపోతుంది. కొన్నిసార్లు తీగ తెగి రోడ్డు మీద పడిందన్న ఫోన్ రాగానే సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఆపేస్తాడు. మళ్లీ ఇవ్వాలంటే ఎవరో ఒకరు టార్చిలైటుతో లైను పొడవునా నడిచి చూడాలి. వదులు తీగలను ఎండాకాలం రాకముందే లాగి కట్టడం, ఒకదానికొకటి తగలకుండా రెండు తీగల మధ్య స్పేసర్లు పెట్టడం, కొమ్మలు కొట్టడం అన్నవి ఫిబ్రవరి పనులు. ఫిబ్రవరిలో చెయ్యని పనికి మే నెలలో లైన్‌మన్ తిట్లు తింటాడు.

తీగలన్నీ భూమిలో వేసేస్తే సరిపోదా?

గాలిదుమారానికి, చెట్లకు సరిపోతుంది. వేడికి పూర్తిగా సరిపోదు. కేబుల్ తన వేడిని మట్టిలోకి వదలాలి. ఎండాకాలం మట్టి ఎండిపోతే వేడిని సరిగా లాక్కోదు. పైగా లోపం ఎక్కడుందో కనిపెట్టి తవ్వి అతికేసరికి గంటలు పడుతుంది. అయినా ఇరుకు బజార్లలో అదే మేలు.

ఒక తీగ చెట్టుకు తగిలితే రాష్ట్రాలకు రాష్ట్రాలే చీకటైపోతాయా?

అయ్యాయి. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో అదే జరిగింది. మధ్యాహ్నం మూడు దాటాక అరగంట పైచిలుకు వ్యవధిలో మూడు 345 కేవీ లైన్లు వేడికి దిగి, కింద పెరిగిన చెట్లకు తగిలి ఒకదాని తర్వాత ఒకటి ట్రిప్ అయ్యాయి. ఒకటి పోతే దాని లోడు పక్కదాని మీద పడుతుంది, అది ఇంకా వేడెక్కి ఇంకా దిగుతుంది. కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ అప్పటికే పడుకుంది, ఆపరేటర్లకు సంగతి తెలియలేదు. సాయంత్రానికి న్యూయార్క్, టొరంటోలతో సహా 5 కోట్ల మందికి కరెంటు లేదు.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసే వివరం వేరే ఉంది. ఆ రోజు అక్కడ ఎండ మన లెక్కలో ఎండే కాదు, 31 డిగ్రీల చుట్టుపక్కల. మొదట పోయిన లైను దాని సామర్థ్యంలో సగం కూడా మోయడం లేదు. చెట్టు తీగ చోటులోకి పెరిగింది, ఎవరూ కొట్టలేదు.

మన దేశంలో 2012 జూలై 30, 31 తేదీల్లో గ్రిడ్ (రాష్ట్రాల లైన్లన్నీ కలిసిన వల) కుప్పకూలినప్పుడు కారణం వేరు. గ్వాలియర్ వైపు వెళ్లే లైను మీద మితిమీరిన లోడు పడింది. 60 కోట్ల పైన జనం ఉన్న ప్రాంతాలు చీకటైనా, దక్షిణాది దెబ్బ తినలేదు. అప్పటికి మన దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిసింది. ఇప్పుడు మనకు కొరత వస్తే ఉత్తరాది నుంచి తెచ్చుకోగలం. వాళ్ల సుడిగుండంలో మనమూ ఉంటాం.

వేసవి అంటే మే కదా, తెలంగాణలో కరెంటు వాడకం మార్చిలోనే ఎందుకు రికార్డు కొడుతుంది?

యాసంగి వరి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొలాలకు నీళ్లు పెట్టే బోరు మోటార్లు ఒక పక్క, మొదలైన ఎండ ఇంకో పక్క. 2025 మార్చిలో రాష్ట్ర డిమాండ్ 17,000 మెగావాట్లు దాటింది. కోతలయ్యాక మోటార్లు ఆగుతాయి, అందుకే మే నెలలో మొత్తం లెక్క తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ హైదరాబాద్ వీధుల్లోని ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ మొత్తం లెక్కతో పనిలేదు, దాని కష్టం దానిదే. దేశం మొత్తానికి అప్పటి రికార్డు 2024 మే 30న నమోదైంది, సుమారు 2,50,000 మెగావాట్లు.

ఎండకు పట్టాలు కరిగిపోయాయని వార్తల్లో వస్తుంది. నిజమా?

ఉక్కు కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి. అంత ఎండ కాస్తే వార్త రాయడానికి ఎవరూ మిగలరు. జరిగేది పట్టా వంకర పోవడం.

మరి వంకర ఎందుకు పోతుంది?

గాలి 44 డిగ్రీలుంటే ఎండలో ఉన్న పట్టా ఇంచుమించు 20 డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. స్వేచ్ఛగా వదిలేస్తే 40 డిగ్రీల తేడాకు కిలోమీటరు పట్టా 46 సెంటీమీటర్లు పొడుగు పెరుగుతుంది. కానీ దాన్ని వదిలెయ్యరు. కాంక్రీట్ స్లీపర్లకు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలకు) క్లిప్పులతో బిగించి, స్లీపర్లను కంకరలో పాతిపెడతారు. సాగే దారి లేక ఆ సాగుడంతా లోపల ఒత్తిడిగా మారుతుంది. మన ప్రధాన మార్గాల్లో వాడే, మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలో ఒక్క డిగ్రీకి సుమారు 1.9 టన్నుల బలం. పట్టాను 42 డిగ్రీల దగ్గర బిగించారనుకుందాం. మధ్యాహ్నం అది 64కు చేరితే ఒక్కో పట్టాలో 42 టన్నులు, రెండింటికీ కలిపి 84 టన్నులు. స్టీలు స్కేలును రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే ఎటో ఒకవైపు ఉబుకుతుంది చూడండి, అదే ఇక్కడ జరగబోతుంది. ఆపుతున్నది స్లీపర్ల బరువు, వాటి చివర్ల దాకా పోసిన కంకర మాత్రమే.

అందుకే కంకరను తక్కువ చేసి చూడొద్దు. పక్క ఊరి వాళ్లు పట్టాలు దాటడానికి దారి చేసుకుంటూ కంకర జారగొడితే, ఆ చోట పట్టుకునే బలం తగ్గుతుంది. మరమ్మతు చేసి కంకర కదిపిన చోటా అంతే. 2002 జూలైలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక ప్యాసింజర్ రైలు ఇలాగే వేడికి వంగిన పట్టా మీద పట్టాలు తప్పింది. అంతకుముందు చేసిన పని తర్వాత కంకరను సరిగా దిమ్మిస చెయ్యలేదని విచారణలో తేలింది.

పాతరోజుల్లో పట్టాల మధ్య సందులుండేవి కదా, టకటకా చప్పుడొచ్చేది. వాటినెందుకు తీసేశారు?

13 మీటర్ల పట్టాలను ఫిష్ ప్లేట్లతో కలిపి, మధ్యలో కాస్త సందు వదిలేవారు. ఆ సందుల దగ్గరే చక్రాలు గుద్దుకుని పట్టా చివర్లు అరిగేవి, బోల్టులు వదులయ్యేవి. ఇప్పుడు వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా వెల్డింగ్ చేస్తారు, చివర్లలో మాత్రం కదలడానికి వీలున్న జాయింట్లు పెడతారు. మధ్య భాగం అంగుళం కూడా కదలదు, ఒత్తిడిని మింగుకుని ఉంటుంది. దానికోసమే పట్టాను ఒక ఎంచుకున్న వేడి దగ్గర ఒత్తిడి సున్నాగా ఉండేలా బిగిస్తారు. రైల్వేవాళ్లు డీస్ట్రెసింగ్ అనేది ఇదే. ఆ వేడి మరీ తక్కువ పెట్టుకుంటే మే నెలలో వంకర, మరీ ఎక్కువ పెట్టుకుంటే డిసెంబర్ తెల్లవారుజామున చలికి ముడుచుకుని పగుళ్లు. రెండూ చూసుకుని ఒకటి ఎంచుకోవాలి.

ఆ వేడిని ఎవరు చూస్తుంటారు?

పట్టాకు ఆనించిన థర్మామీటరు ఉంటుంది. బిగించిన వేడి కన్నా పట్టా 20 డిగ్రీలు ఎక్కువైతే వేసవి గస్తీ మొదలుపెట్టాలని నిబంధన. పై లెక్కలో ఆ గీత 62 దగ్గర. అంటే సరిగ్గా జనం ఇళ్లలో తలుపులు వేసుకునే వేళకు ట్రాక్‌మ్యాన్ ఎర్ర జెండాలు, డెటొనేటర్లు (రైలు చక్రం ఎక్కగానే పేలి లోకో పైలట్‌ను హెచ్చరించే టపాకాయల్లాంటివి) ఉన్న సంచీ భుజాన వేసుకుని, కాళ్లకింద కంకర కాలుతుండగా నడక మొదలుపెడతాడు. కంటితో చూసేది పట్టా గీత తిన్నగా ఉందా అన్నది. ఎక్కడైనా అలలా కనబడితే ముందు లైనుకు అడ్డంగా బ్యానర్ జెండా కట్టాలి, 1,200 మీటర్లు పరుగెత్తి 10 మీటర్లకొకటి చొప్పున మూడు డెటొనేటర్లు పట్టా మీద పెట్టాలి. ఆ ఎండలో ఆ పరుగు ఎలా ఉంటుందో ఊహించుకోండి. టోపీ, నీళ్ల సీసా ఇచ్చి చేతులు దులుపుకునే పని కాదది.

ఎండాకాలం కొన్నిచోట్ల రైలు నెమ్మదిగా పోతుంది. ఎందుకు?

వేగం తగ్గితే చక్రాలు పట్టాను పక్కకు తోసే బలం తగ్గుతుంది, లోకో పైలట్‌కు ఏదైనా కనిపిస్తే ఆపడానికి వీలుంటుంది. కంకర కదిపిన చోట కొన్నాళ్లు వేగ పరిమితి పెడతారు. పట్టా మరీ వేడిగా ఉన్నప్పుడు అసలు ఆ పనే ముట్టుకోరు.

పట్టాలకు తెల్ల రంగు వేస్తే?

బ్రిటన్, ఇటలీ, స్విట్జర్లాండ్‌లలో కొన్నిచోట్ల వేస్తున్నారు, 5 నుంచి 10 డిగ్రీలు తగ్గుతుందని చెబుతారు. బ్రిటన్‌లో పట్టాను 27 డిగ్రీల దగ్గర బిగిస్తారు. అందుకే 2022 జూలైలో 40 డిగ్రీల ఎండ వచ్చినప్పుడు లండన్ నుంచి ఉత్తరానికి పోయే ప్రధాన మార్గాన్ని మూసేయాల్సి వచ్చింది. మనం నవ్వుకోనక్కర్లేదు, వాళ్ల చలికి వాళ్ల లెక్క. మన దుమ్ములో తెల్ల రంగు ఎన్నాళ్లు తెల్లగా ఉంటుందన్నది వేరే సంగతి.

రైలు పైన ఉండే కరెంటు తీగ వేలాడదా?

వేలాడితే పాంటోగ్రాఫ్ (ఇంజిను నెత్తిన ఉండి తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) చిక్కుకుంటుంది, అందుకే దానికి బరువులు కట్టారు. స్టేషన్ దాటాక కొన్ని స్తంభాల పక్కన ఇనుప బిళ్లల దొంతర పుల్లీల మీద వేలాడుతుంటుంది, కిటికీలోంచి చూస్తే కనబడుతుంది. తీగ సాగితే బరువులు దిగి లాగుతాయి, ముడుచుకుంటే పైకి పోతాయి. మూడింతల పుల్లీ ఉన్నచోట తీగ అర మీటరు సాగితే బరువులు మీటరున్నర దిగుతాయి. పుల్లీ తుప్పు పట్టి బిగుసుకుపోయిందా, ఇక ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

కరెంటు కొరతకీ రైళ్ల రద్దుకీ సంబంధం ఉందా?

ఉంది, రెండు వైపులా. రైళ్లు నడవాలంటే ట్రాన్స్‌కో (పెద్ద లైన్లు చూసే సంస్థ) 132 కేవీ, 220 కేవీ లైన్ల నుంచి కరెంటు కావాలి. ఆ కరెంటు పుట్టాలంటే బొగ్గు కావాలి, బొగ్గు చాలావరకు రైలు మీదే కదలాలి. 2022 ఏప్రిల్‌లో ఎండలు ముదిరి థర్మల్ కేంద్రాల దగ్గర నిల్వలు అడుగంటితే, బొగ్గు రైళ్లకు దారివ్వడానికి దేశంలో వందల ప్యాసింజర్ ట్రిప్పులు రద్దు చేశారు. ఎక్కువగా ఛత్తీస్‌గఢ్, ఒడిశా, జార్ఖండ్ బొగ్గు ప్రాంతాల్లో. ఒకే పట్టా మీద మన పెళ్లి ప్రయాణమూ, మన ఏసీకి కావలసిన బొగ్గూ పోవాలి మరి.

ఎండ ఎక్కువైతే సోలార్ కరెంటు ఎక్కువ వస్తుంది కదా, అదే గట్టెక్కించదా?

పలకలకు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. పలక 65 డిగ్రీలకు చేరితే ఆరో వంతు దాకా పోవచ్చు. అయినా మధ్యాహ్నం లోడుకు సోలార్ పెద్ద అండే. చిక్కు రాత్రి పదింటి లోడుతో.

తెగిన తీగో, వంగిన పట్టానో కంటపడితే ఏం చెయ్యాలి?

తీగైతే కరెంటు లేదని అనుకోకండి. కనీసం పది మీటర్ల దూరంలో నిలబడి, పశువులనూ పిల్లలనూ రానివ్వకుండా 1912కు ఫోన్ చేయండి, స్తంభం నంబరు కనబడితే చెప్పండి. పట్టా అయితే దగ్గర్లో గేటుమ్యాన్ గానీ స్టేషన్ మాస్టర్ గానీ ఉంటే వాళ్లకే ముందు చెప్పండి, లేదంటే 139. పక్కనుండే కరెంటు స్తంభం మీద కిలోమీటరు నంబరు రాసి ఉంటుంది, అది చదివి చెబితే వాళ్లకు వెతుకులాట తప్పుతుంది. రైలు వస్తూ కనబడితే పట్టాల మీదికి వెళ్లకుండా పక్కనే నిలబడి ఎర్ర గుడ్డ ఊపండి. ఎర్రది దొరక్కపోతే ఏ గుడ్డైనా సరే, లేదా రెండు చేతులూ పైకెత్తి గట్టిగా ఊపండి.